ఇంటర్నెట్టు కలిసిన టెలివిజను – గృహిణి కర్తవ్యము

ఇల్లు నడపు స్త్రీకి కాలమే మూలధనము. ధనము వ్యయమైనచో మఱల గడింపవచ్చును. బియ్యము నిండుకొన్నచో తెప్పించుకొనవచ్చును. గడచిపోయిన సాయంకాలమును తిరిగి తెచ్చుకొనుట యెవ్వరికిని సాధ్యము గాదు. అట్టి కాలమును పెద్దమొత్తమున స్వీకరించు వస్తువు నేడు మన యిండ్లలో నడుమగది గోడకు వ్రేలాడుచున్నది. టెలివిజను మనకు క్రొత్త కాకపోయినను, ఇంటర్నెట్టు దానిలో ప్రవేశించిన పిమ్మట దాని స్వభావము మాఱినది. పేరు పాతదే, రూపు పాతదే. పని మాత్రము క్రొత్తది. ఈ మార్పును గుఱించి పురుషులు మాటలాడునప్పుడు వెలయెంత, తెర వెడల్పెంత యను ప్రసంగమే హెచ్చు. గృహిణి యాలోచింపవలసిన సంగతులు వేఱుగా నున్నవి. వానిని మా శక్తికొలది సోదరీమణులకు విన్నవింప గోరుచున్నాము.

మొదట పూర్వకథ కొంత తెలిసికొనుట మంచిది. మన దేశమున టెలివిజను 1959 వ సంవత్సరము సెప్టెంబరు 15 వ తేదీన ఢిల్లీలో మొదలయ్యెను. తెలుగు పల్లెలకు అది 1975 లో వచ్చెను. ఆ యేడు ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు, అమెరికావారి యుపగ్రహ సాహాయ్యమున ఆఱు రాష్ట్రములందలి 2,400 గ్రామములకు కార్యక్రమములను ప్రసారము చేసిరి. ఆ యాఱింటిలో ఆంధ్రప్రదేశమొకటి. దినమునకు సుమారు నాలుగు గంటలు ప్రసారము. ఊరివారందఱు ఒక్కచోట చేరి చూచుట. వేళ కాగానే పెట్టె మూగవోవుట. జనులు లేచి యెవరి పనికి వారు పోవుట. 1987 జనవరిలో ఆదివారపు టుదయములందు రామాయణ ధారావాహిక మొదలైనప్పుడును ఇదియే పద్ధతి. ఆ కొంతసేపును వీధిలో మనుష్యసంచార ముండెడిది కాదనియు, అది ముగియగానే పొయ్యిలు మఱల వెలిగెడివనియు మా పెద్దలు చెప్పుదురు.

1995 వ సంవత్సరము ఆగస్టు నెల ఈ కథలో జ్ఞాపక ముంచుకొనదగినది. ఆ నెల 15 వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ వారు మన దేశమున సామాన్యజనులకు ఇంటర్నెట్టును అందుబాటులోనికి తెచ్చిరి. ఆ నెలలోనే 27 వ తేదీన ఈటీవీ తెలుగు ప్రసారములు మొదలయ్యెను. ఒకే మాసమున పుట్టినను ఈ రెండును వేఱువేఱు దారుల మన యిండ్లలో బ్రవేశించినవి. ఇంటర్నెట్టు టెలిఫోను తీగవెంట వచ్చి కంప్యూటరు బల్లమీద గూర్చుండెను. టెలివిజను కేబులు తీగవెంట వచ్చి ఇంటిల్లిపాది కూరుచుండు గదిని జేరెను.

రెంటిని కలుపు ప్రయత్నము మఱుసటి యేడే అమెరికాలో జరిగినది. 1996 లో సోనీ, ఫిలిప్స్ కంపెనీలు వెబ్‌టీవీ యను చిన్నపెట్టెను అమ్మజూపినవి. ఒకవైపు టెలిఫోను తీగను, మఱియొకవైపు టెలివిజనును దానికి దగిల్చినచో, కంప్యూటరు లేకయే టెలివిజను తెరపై ఉత్తరములు చదువుకొనవచ్చును, లోకవార్తలు తెలిసికొనవచ్చును. 1997 లో మైక్రోసాఫ్టు కంపెనీ దానిని కొనెను. 2013 సెప్టెంబరుతో ఆ సేవ నిలిచిపోయినది. ఊహ మంచిదే, కాలువ చాలలేదు. నాటి టెలిఫోను తీగ సన్నని పిల్లకాలువ. దానిలో అక్షరములు పాఱునుగాని కదలెడి బొమ్మలు పాఱవు.

కాలువ వెడల్పైన పిమ్మట నా యూహ ఫలించినది. వెండ్రుకవలె సన్ననగు గాజుతీగలో వెలుగు ప్రయాణము చేసి, బొమ్మను, మాటను, వ్రాతను ఒక్కతీరున మోసికొనివచ్చును. ఆంధ్రప్రదేశమున 2017 డిసెంబరు 27 వ తేదీన నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు ఫైబర్‌నెట్టు పథకమును ప్రారంభించిరి. నేల త్రవ్వి పాతుటకు బదులుగా, ఆ తీగను విద్యుత్ స్తంభములమీదుగా ఊరూర లాగిరి. టెలివిజను, ఇంటర్నెట్టు, టెలిఫోను మూడును ఒక్క తీగపై నిచ్చుటకు నాడు ప్రకటించిన మొదటి తరగతి వెల నెలకు 149 రూపాయలు. తెలంగాణమున టీ-ఫైబరు పథకమును 2024 డిసెంబరులో కొన్ని గ్రామములయందు ప్రయోగముగా మొదలిడిరి. ప్రైవేటు కంపెనీల తీగలు సరేసరి. నేడు మన యింట టెలివిజనును ఇంటర్నెట్టును ఒకే గడప దాటి వచ్చుచున్నవి.

పని జరుగు తీరు తెలిసికొన్నగాని లాభనష్టములు తెలియవు. పాత టెలివిజను వానవంటిది. పంపువారు పంపుదురు, అందఱి పెరడులలోను ఒక్కమాఱు కురియును, ఒక్కమాఱు వెలియును. ఇంటర్నెట్టు టెలివిజను నూయివంటిది. మనము చేద వేసి తోడుకొన్నప్పుడే నీరు వచ్చును. మన పెట్టె ఫలానా కథ కావలెనని యడుగును. ఎక్కడనో యున్న కంప్యూటరు దానిని మనకై వేఱుగా పంపును. ఇందుండి మూడు సంగతులు తేలుచున్నవి. కోరినప్పుడు దొరకును. తోడినకొలది వచ్చును, చాలునని నూయి చెప్పదు. ఎవరెంత తోడుకొన్నారో నూతివారికి లెక్క తెలియును. ఈ వ్యాసమున మేము చెప్పబోవునదంతయు ఈ మూడింటిలో నిమిడియున్నది.

మొదట మేలు జెప్పుదుము. సాయంకాలము ఏడుగంటలకు వచ్చు కథను చూడదలచిన యిల్లాలికి ఆ వేళనే కూర తాలింపు, పిల్లల చదువు, మామగారి ఫలహారము అడ్డువచ్చెడివి. వినోదము వేళకు ఆమె పని యొదుగవలెను. లేదా వినోదము విడువవలెను. ఇప్పుడు కథ ఆమె తీఱికకొఱకు కాచుకొనియుండును. ఇది చిన్న మేలు గాదు. చాగంటి కోటేశ్వరరావుగారి ప్రవచనములు వినునప్పుడు మేము నడుమ నిలుపుకొని, పద్యము పుస్తకమున చూచుకొని, అర్థము కుదిరిన పిమ్మట మఱల సాగించుచుందుము. బడికి పోవు భాగ్యము లేక ఇంట చదువుకొన్నవారికి, ఒక్కమాటను పదిమాఱులు విసుగుకొనక చెప్పు గురువు దొరకుట యెంతటి యుపకారమో వేఱుగ జెప్పనక్కఱలేదు. 2020 లో బడులు మూతపడినప్పుడు, ఒక్కొక్క తరగతి కొక్కొక్క టెలివిజను మార్గమను పద్ధతిని పీఎం ఈ-విద్య పేర కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. ఇట్టి పాఠములను తప్పిపోయిన పిల్లవాడు తరువాత ఇంటర్నెట్టులో వెదకి చూచుకొనగలుగుట ఈ కలయిక ఫలమే. దూరదేశముననున్న మనుమరాలి ముఖమును సెల్‌ఫోను నుండి పెద్దతెరమీదికి తెచ్చి, చూపు మందగించిన నాయనమ్మకు చూపవచ్చును.

ఇంకొక మేలును మనవారు తఱచుగా గమనింపరు. టెలివిజను నడుమగదిలో నుండును. సెల్‌ఫోను దుప్పటిలో దూరును. పిల్లవాడు గోడమీది తెరపై నేమి చూచుచున్నాడో వంటయింటనున్న తల్లి చెవికి వినబడును. చేతిలోని చిన్న తెరపై నేమి చూచుచున్నాడో ప్రక్కన కూర్చున్న తండ్రికిని తెలియదు. నలుగురు నాలుగు ఫోనులు పట్టుకొని నాలుగు మూలల కూర్చుండు నింట, ఇంటర్నెట్టు టెలివిజనులోనికి వచ్చుట వలన అందఱును మఱల ఒక్క తెరముందు చేరు నవకాశము గలుగుచున్నది. ఇంటర్నెట్టు ఎట్లును ఇంటికి రాకమానదు. అది చాటున నుండుటకంటె నలుగురి యెదుట నుండుట మేలని మా యభిప్రాయము.

ఇక కీడు. మన పెద్దలు ఏ వినోదమును ముగింపు లేక విడువలేదు. హరిదాసు కథ చెప్పి మంగళము పాడును. పురాణము చెప్పువారు ఫలశ్రుతి పలికి పుస్తకము మూయుదురు. తోలుబొమ్మలాట తెల్లవారుసరికి ముగియును. పేరంటమునకు వచ్చిన స్త్రీలు తాంబూలము పుచ్చుకొని లేతురు. ముగింపు తెలిసియుండుటచేత వినోదము మఱునాటి పనికి అడ్డము రాకుండెను. పాత టెలివిజను సైతము వేళకు ఆగి ఈ మర్యాదను కొంతవఱకు పాటించినది. ఇంటర్నెట్టు కలిసిన పెట్టె మంగళము పాడదు. ఒక భాగము ముగియుచుండగనే కొన్ని క్షణములలో తరువాతి భాగము తనంతట మొదలగును. పూర్వము చూచువాడు చూతునని పూనుకొనవలెను. ఇప్పుడు చాలునని లేవవలెను. విస్తరి ముందు ఇంకొంచెము వడ్డింపుమని యడుగుటకు సిగ్గుపడువాడు సైతము, తనంతట వడ్డించుచున్నప్పుడు చేయి అడ్డము పెట్టుటకు జాగు చేయును. మా వారు పాఠశాలలో ఉపాధ్యాయులు. ఉదయపు తరగతిలో ఆవులించు పిల్లలను కారణ మడిగినచో, రాత్రి ఇంకొక భాగము, ఇంకొక భాగమని చూచితిమని చెప్పుదురట.

దీనికి మందు ఆ పెట్టెలోనే కొంత గలదు. తరువాతి భాగము తనంతట మొదలగుటను నిలుపు సదుపాయము నెట్‌ఫ్లిక్స్, యూట్యూబు మున్నగువానిలో సెట్టింగులను భాగమున నుండును. అది ఒక్కమాఱు మార్చిపెట్టినచో భాగము ముగియగానే తెర ఆగి మనలను అడుగును. తక్కిన మందు ఇంటిలో నున్నది. చూచుటకు గూర్చుండకముందే నేడెన్ని భాగములో నిశ్చయించుకొనవలెను. భోజనపు వేళ పెట్టెకు సెలవు. రాత్రి దీపము పెట్టిన పిమ్మట నెన్ని గంటలకు పెట్టె కట్టవలెనో ఇంటి పెద్దలును అంగీకరించి తాముకూడ పాటింపవలెను. తండ్రి చూచుచుండగా పిల్లవానిని పండుకొనుమనుట నిష్ప్రయోజనము.

పసిపిల్లల విషయమై ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019 లో స్పష్టమైన సలహా నిచ్చిరి. రెండేండ్లు నిండని బిడ్డలకు తెర పనికిరాదనియు, రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు ఒక్క గంటకు మించరాదనియు, అంతకు దక్కువైన నింక మంచిదనియు దాని సారాంశము. బిడ్డకు అన్నము తినిపించుటకై బొమ్మ చూపు నలవాటు నేడు ప్రతి వీధిలోను గలదు. తల్లి పనితొందర మాకు తెలియనిది కాదు. కాని చందమామను జూపి తినిపించినప్పుడు బిడ్డ తల్లి మాట వినును. తెరను జూపి తినిపించినప్పుడు తానేమి తినుచున్నదో సైతము ఎఱుగదు.

పెద్దపిల్లల కొఱకు తాళములు గలవు. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, ఇంటర్నెట్టు ద్వారా సినిమాలు, కథలు చూపు కంపెనీలు వానిని వయస్సునుబట్టి తరగతులు చేయవలెను: అందఱు చూడదగినవి, ఏడేండ్లు దాటినవారికి, పదుమూడు దాటినవారికి, పదునాఱు దాటినవారికి, పెద్దలకు మాత్రమే. పదుమూడేండ్ల తరగతి మొదలుకొని పైవానికి తల్లిదండ్రులు తాళము వేసికొను సౌకర్యము నియ్యవలెను. యూట్యూబువలె ఎవరైనను చిత్రములు చేర్చగల చోట్ల ఈ తరగతులను నమ్ముకొనరాదు. పిల్లల కొఱకు వేఱుగా నేర్పఱచిన యూట్యూబ్ కిడ్స్ భాగమును తెఱచి యియ్యవలెను. తాళపు అంకెలుగా పుట్టిన సంవత్సరమును పెట్టుకొన్నచో పిల్లలు ఒక్క పూటలో కనిపెట్టుదురు.

నూతివారికి లెక్క తెలియునని పైన జెప్పితిమి. ఇది యూహ గాదు. అమెరికాలో విజియో అను టెలివిజను కంపెనీ, ఇంటివారి సమ్మతి లేకయే వారు తెరపై నేమేమి చూచుచున్నారో కనిపెట్టి, ఆ సమాచారమును ఇతరుల కమ్మినదని ప్రభుత్వమువారు అభియోగము తెచ్చిరి. కోటి పదిలక్షల టెలివిజనులకు సంబంధించిన యా వ్యవహారము 2017 లో 22 లక్షల డాలర్ల చెల్లింపుతో పరిష్కారమైనది. కావున క్రొత్త పెట్టెను మొదట వెలిగించినప్పుడు తెరపై వచ్చు ప్రశ్నలన్నిటికిని అంగీకారమని నొక్కుకొని పోరాదు. మనము చూచునవి గుఱుతించుటకు, ప్రకటనలు మన కనుగుణముగా పంపుటకు అనుమతి గోరు చోట్ల కాదనవచ్చును. కాదనినను బొమ్మ వచ్చుట మానదు. ఇరుగుపొరుగువారు కిటికీలోనుండి తొంగిచూచిన తెర వేసికొను మనము, పెట్టెలోనుండి చూచువానియెడల మాత్రము ఉదాసీనముగా నుండుట తగునా?

ఖర్చు విషయము గృహిణికి ముఖ్యము. పాత టెలివిజనును పాఱవేసి క్రొత్తది కొనవలెనని తొందరపడ నక్కఱలేదు. వెనుక హెచ్‌డీఎంఐ యను రంధ్రము గలదేని, స్టిక్కు అని పిలువబడు చిన్న పనిముట్టును దానిలో దూర్చినచో ఇంటి వైఫైతో పాత పెట్టెయే క్రొత్త పని చేయును. తీగ యెంత వేగముగలది కావలెనన్న ప్రశ్నకు నెట్‌ఫ్లిక్స్ వారు చెప్పు లెక్క యిది: స్పష్టమైన హెచ్‌డీ బొమ్మకు సెకనుకు 5 మెగాబిట్లు, మిక్కిలి సూక్ష్మమైన 4కే బొమ్మకు 15. హెచ్‌డీ బొమ్మ చూచినచో గంటకు 3 గిగాబైట్ల వఱకు ఖర్చగును. సెల్‌ఫోను డేటాతో టెలివిజను నడుపువారు ఈ యంకెను గుర్తుంచుకొనవలెను.

చందాలు చీమలవంటివి, ఒక్కొక్కటి చిన్నది, వరుస మాత్రము తెగదు. మొదటి నెల ఉచితమని చేర్చుకొని, పిమ్మట నెలనెల బ్యాంకు ఖాతానుండి తనంతట పోవుచుండును. రిజర్వు బ్యాంకువారు 2021 అక్టోబరు 1 నుండి అమలులోనికి తెచ్చిన నియమము ప్రకారము, ఇట్లు తనంతట సొమ్ము తీసికొనుటకు కనీసము 24 గంటల ముందుగా ఖాతాదారునికి కబురు పంపవలెను. వలదనుకొన్నచో నిలుపుకొను వీలు గలదు. కాని కబురు ఎవరి ఫోనునకు వచ్చునో వారు చదువవలెను గదా! పాలలెక్క, చాకలిలెక్క వ్రాసికొను పుస్తకముననే చందాలకొక పుట కేటాయించి, ఏది యెప్పుడు మొదలైనదో, ఎవరు చూచుచున్నారో వ్రాసికొనుడు. రెండు నెలలు ఎవ్వరును చూడని చందాను నిస్సంకోచముగా తీసివేయుడు.

ఇంతవఱకు చెప్పినదానికంటె ముఖ్యమైనది ఒకటి కలదు. ఈ పనులన్నియు చేయుటకు పెట్టె తాళము లెవరి చేతిలో నున్నవి? పెక్కు ఇండ్లలో ఇంటి బీరువా తాళములు గృహిణి నడుమున నుండగా, టెలివిజను తాళము మాత్రము కొడుకు తలలో నున్నది. పాస్‌వర్డు వానికి తెలియును. ఏ మీట నొక్కిన నేమగునో వానికి తెలియును. తల్లి అబ్బాయీ, ఇది కొంచెము పెట్టిపోరా యని యడుగవలెను. మా వీధిలో నొక యింట కుమారుడు ఉద్యోగమునకై బెంగుళూరు పోయెను. పోయిన పదిదినములకు పెట్టె మఱల పాస్‌వర్డు అడిగినది. అతని తల్లి మూడు వారములు ఆ తెర ముట్టుకొనలేదు. కుమారుడు పండుగకు వచ్చి అరనిముసములో సరిచేసినప్పుడు, ఇంతేనా యని యామె తెల్లబోయినది. చదువెఱిగి, ఇంటి పద్దులన్నియు స్వయముగ వ్రాసికొను స్త్రీ యామె. చేతగానితన మెక్కడను లేదు. ఇది మన పని గాదను భ్రమ మాత్రమే యున్నది.

ఆ భ్రమను విడువుడని మా ప్రార్థన. ముగింపు లేని పెట్టెకు ముగింపు నేర్పువారు ఇంట నొకరుండవలెను. ఆ పని నెఱుగనివారు ఆజ్ఞాపింపజాలరు. రిమోటు పట్టుకొనుటయే నేరనివారు చాలించుమన్నచో పిల్లలు నవ్వుదురు. ఆ సెట్టింగులను తానే మార్చగలిగిన తల్లి మాటకు గౌరవ ముండును. కుమారుని గాని కుమార్తెను గాని ప్రక్కన గూర్చుండబెట్టుకొని ఒక్క ఆదివారము నేర్చుకొన్న చాలును. చిన్నవారి వద్ద నేర్చుకొనుటకు సంకోచపడ బనిలేదు. వారికి మనము అక్షరములు దిద్దించితిమి, మనకు వారు మీటలు చూపుదురు. పాస్‌వర్డును కాగితముమీద వ్రాసి బియ్యపు కార్డు, బ్యాంకు పుస్తకము లున్నచోట భద్రపఱచుడు. తాళపు అంకెలను మీరే యేర్పఱచుడు. తనంతట నడచుటను మీరే నిలుపుడు.

నూయి మంచిదే. ఇంటనే నూయి యుండుట భాగ్యమే. కాని నూతికి వరయు, చేదకు త్రాడును, పిల్లలమీద కన్నును లేక యే గృహిణియు పెరటిలో నూయి త్రవ్వించుకొనదు. నడుమగదిలో త్రవ్వించుకొన్న ఈ క్రొత్త నూతియెడలను అంతటి శ్రద్ధయే వహించితిమేని, అది మన దాహము దీర్చును. మన సాయంకాలములు మనకు మిగులును.